దైవక్రీడలు - కరుణరసవిచారము

ఉపోద్ఘాతము

ఆనందవర్ధనుఁడు కావ్యలోకమునకుఁ గవియే ప్రజాపతి యని చెప్పినది మొదలు మన యాలంకారికులా మాటను మన్నించుచునే వచ్చిరి. కవి తన యిచ్చవచ్చినట్లు లోకమును సృజించును. సహృదయుఁడు దానిని జూచి యానందించును. సృష్టి యొకరిది, ఆస్వాదము వేఱొకరిది. ఈ విభాగమును దలక్రిందు చేసిన కళ యొకటి గత యర్ధశతాబ్దిలోఁ బాశ్చాత్యదేశములందుఁ బొడమి లోకమంతటను వ్యాపించినది. కంప్యూటరు తెరమీఁద నొక చిన్నలోకమును నిలిపి, దానిని బాలింపుమని చూచువానికే యప్పగించు వినోదములివి. వీనికిఁ బాశ్చాత్యులు పెట్టిన పేరు గాడ్ గేములు, తెనుఁగున దైవక్రీడలనవచ్చును. వీనిలో నొక శాఖ కొలఁదిమంది మనుష్యులను నిర్జనప్రదేశమున దింపి, వారిచేత నూరు కట్టించి, వారి యాఁకలిదప్పులను, జగడములను, చావుపుట్టుకలను జూచుకొనుమని యాటగానిని నియోగించును. దీనిని వలసనిర్మాణక్రీడ యందురు.

ఇవి బాలుర కాలక్షేపములని త్రోసివేయుట సులభము. కాని వీనియందుఁ బాత్రలు గలవు; ఇతివృత్తము గలదు; మరణము గలదు; ఆ మరణమునకు వగచువారు గలరు. ఇవి యున్నచోటఁ గావ్యవిమర్శకునకుఁ బని యుండక మానదు. విచారింపవలసిన ప్రశ్నలు రెండు. ఈ క్రీడలయందుఁ బుట్టు కథకుఁ గర్త యెవఁడు? అందలి దుఃఖము కరుణరసముగాఁ బరిణమించునా, లేక లౌకికశోకముగానే నిలిచిపోవునా? మొదటి ప్రశ్నకు సమాధానము దొరకినఁగాని రెండవదానికి దొరకదు. కాఁబట్టి ముందుగా నీ కళ పుట్టినక్రమమును జూడవలెను.

వంశక్రమము

ఈ వంశమునకు మూలము పాఠశాల. 1960 దశకము నడుమ అమెరికాలో న్యూయార్కు రాష్ట్రమందలి వెస్ట్‌చెస్టరు మండలమున, ఐ.బి.యం. సంస్థవారి సహాయముతో, మేబుల్ అడిస్ అను నుపాధ్యాయిని "సుమేరియన్ గేమ్" అను దానిని రచించెను. ఆఱవ తరగతి బాలుఁడు ప్రాచీనసుమేరుదేశమందలి లగాష్ నగరమునకు రాజగును. పండిన ధాన్యములోఁ బ్రజల తిండి కెంత, విత్తనముల కెంత, నిలువ కెంత యని యతఁడు తీర్పు చెప్పవలెను. ఆ తీర్పు ఫలమును యంత్రము కాగితముమీఁద నచ్చువేసి చూపును. తిండికిఁ దగ్గించినచోఁ బ్రజలు చత్తురు. విత్తనమునకుఁ దగ్గించినచో మఱుసటియేఁడు చత్తురు. ఇంత చిన్న సూత్రములో రాజధర్మమంతయు నిమిడియున్నది. దీని ననుసరించి 1968లో వెలువడిన సంక్షిప్తరూపము పిమ్మట "హమురాబి" యను పేరఁ బలువురకుఁ బరిచితమయ్యెను. 1980 దశకపుఁ దొలియేండ్లలో డాన్ డాగ్లో "యుటోపియా" యను క్రీడలో నిరువురాటగాండ్రకుఁ జెఱియొక దీవి నిచ్చి, పంటలు, పడవలు, తుపానులు, తిరుగుబాటుదార్లు గల లోకమును జూపెను.

1989వ సంవత్సర మీ వంశమునకు ముఖ్యమైనది. ఆ యేఁడు ఇంగ్లండునఁ బీటర్ మాలినూ నిర్మించిన "పాపులస్", అమెరికాలో విల్ రైట్ నిర్మించిన "సిమ్‌సిటీ" వెలువడినవి. మొదటిది దేవునిఁ జేసినది. రెండవది నగరాధిపతిఁ జేసినది.

పాపులస్‌లోఁ బ్రధానమైన విశేష మొకటి కలదు. ఆటగాఁడు దేవుఁడే యైనను ఏ మనుష్యుని చేయి పట్టుకొని నడిపింపలేఁడు. అతఁడు చేయఁగలిగినది నేలను మెరక చేయుట, పల్లము చేయుట. నేల చదునైనచోట భక్తులు తామే వచ్చి యిండ్లు కట్టుకొందురు. చదును పెరిగినకొలఁది గుడిసె కోట యగును. జనము పెరిగినకొలఁది దేవుని శక్తి పెరుగును. ఆ శక్తికిఁ బసిఫిక్ ద్వీపవాసుల భాషలనుండి తెచ్చుకొన్న "మన" యను పదమును వాడిరి. ఆ శక్తితో భూకంపమును, ఊబిని, అగ్నిపర్వతమును, జలప్రళయమును బరదేవుని భక్తులమీఁదికిఁ బంపవచ్చును.

వేదాంతసూత్రములలో నీశ్వరునిమీఁద రెండాక్షేపములు పరిశీలింపఁబడినవి. ఒకరికి సుఖము, ఒకరికి దుఃఖము నిచ్చుటచేత వైషమ్యదోషము. దుఃఖము నిచ్చుటచేతను, సర్వమును సంహరించుటచేతను నైర్ఘృణ్యదోషము. జీవుల కర్మ నపేక్షించియే యీశ్వరుఁడు ఫలము నిచ్చుచున్నాఁడు గనుక నీ దోషములు తగులవని సిద్ధాంతము. పాపులస్ లోకమున జీవులకుఁ గర్మ లేదు. దేవుఁడు తనవారికి నేలను జదును చేయును, పెఱవారిని ముంచును. దానికిఁ గారణము వారు పెఱవారగుటయే. రెండు దోషములును సంపూర్ణముగాఁ దగిలినవి. అయినను ఆటగాని మనస్సు కలఁగదు. ఏలయన మునిఁగినవారికిఁ బేరు లేదు, ముఖము లేదు. మునుఁగకముందు వారేమి తలఁచిరో యెవరికిని దెలియదు.

సిమ్‌సిటీ పుట్టుక వేఱు. రైట్ అంతకుముందు 1984లో నొక యుద్ధక్రీడను నిర్మించెను. అందు హెలికాప్టరునుండి దీవులమీఁద బాంబులు వేయవలెను. ఆ దీవులను, వానిపైఁ గర్మాగారములను, దారులను దీర్చునపుడు కలిగిన సంతోషము వానిని బగులఁగొట్టునపుడు కలుగలేదని యతఁడు కనుఁగొనెను. అతనికిఁ దోడ్పడిన గ్రంథములు రెండు. ఒకటి, జే ఫారెస్టర్ అను నింజనీరు 1969లోఁ బ్రకటించిన నగరశాస్త్రగ్రంథము. నగరము నొక యంత్రముగా భావించి, జనసంఖ్య, గృహములు, పరిశ్రమలు నొకదానినొకటి యెట్లు పెంచునో తగ్గించునో సమీకరణములతో నందుఁ జూపఁబడినది. పేదలకుఁ జౌకగా నిండ్లు కట్టించు పథకములు నగరమునకు మేలుకంటెఁ గీడే చేయునని ఫారెస్టర్ తేల్చుటచేత నాగ్రంథము వివాదగ్రస్తమయ్యెను.

ఇందు విమర్శకుఁడు గుఱుతింపవలసిన దొకటి కలదు. కావ్యమున గ్రంథకర్త మతము పాత్రల నోటినుండి గాని, కథాంతమునుండి గాని తెలియును. పాఠకుఁడు దానితో వాదింపవచ్చును. సిమ్‌సిటీలో గ్రంథకర్త మతము ప్రకృతినియమమువలెఁ గాన్పించును. పన్ను హెచ్చించినచో జనము తగ్గును. రోడ్లన్నియుఁ దీసివేసి రైలుదారులు వేసినచోఁ బొగ యుండదు. ఇవి యొకరు వ్రాసిన సిద్ధాంతములని యాటగానికిఁ దోఁచదు. నిప్పు కాల్చును, నీరు పల్లమునకుఁ బాఱును అనునట్లు వీనిని నమ్మును. సామాజికశాస్త్రజ్ఞుఁడు పాల్ స్టార్ 1994లోనే యీ దాఁగిన ప్రమేయములనుగూర్చి హెచ్చరించెను. లక్షణము సూత్రరూపమున నున్నపుడు దానికి వార్తికము వ్రాయవచ్చును, ఖండనము వ్రాయవచ్చును. యంత్రగర్భమున నున్నపుడు దానిని సామాన్యుఁడు చూడనైనఁ జూడలేఁడు.

రైట్‌కుఁ దోడ్పడిన రెండవ గ్రంథము కథాసంపుటము. పోలండుదేశపు రచయిత స్టానిస్లావ్ లెమ్ 1965లోఁ బ్రకటించిన "సైబీరియడ్"లో నొక కథ కలదు. రాజ్యభ్రష్టుఁడైన యొక క్రూరప్రభువునకు మనశ్శాంతి కలిగింపఁదలఁచి, యొక యంత్రశిల్పి పెట్టెలో నిముడు చిన్న రాజ్యమును నిర్మించి యిచ్చును. అందు నగరములు, సైన్యములు, కుట్రలు, శిక్షలు అన్నియుఁ గలవు. ఇంటికి వచ్చిన శిల్పిని మిత్రుఁడు నిలదీయును. ఆ పెట్టెలోనివారు బాధపడుచున్నట్లు కాన్పించుటకును నిజముగా బాధపడుటకును భేదమేమో చూపఁగలవా యని యాతని వాదము. శిల్పి బదులు చెప్పలేక భయపడి తిరిగి పోయి చూచుసరికి, ఆ యల్పజీవులు పెట్టెను దాఁటి బయటికి వచ్చి యా గోళమంతటఁ దమ నాగరకతను నెలకొల్పుకొనియుందురు. ఈ కథ దైవక్రీడలన్నింటిమీఁదను ముందుగానే వ్రాయఁబడిన విమర్శ. అయినను ఈ కథవలనఁ బ్రేరణ పొందిన సిమ్‌సిటీలో నాప్రశ్న పుట్టదు. అందలి పౌరుఁడు లెక్కలో నొక యంకె.

ఆ యంకె యెంతదూరము పోఁగలదో 2010 నాఁటి యొక యుదాహరణము చూపును. "సిమ్‌సిటీ 3000" అను తరువాతి కూర్పులో నొక యాటగాఁడు కొన్నియేండ్లు కాగితముమీఁద లెక్కలు వేసి, 60 లక్షల జనము గల నగరమును గట్టెను. అందు రోడ్డు లేదు, ఖాళీస్థలము లేదు, అడుగడుగునను రక్షకభటనిలయము. ప్రజల యాయుర్దాయము 50 ఏండ్ల దగ్గఱనే నిలిచిపోయినది. క్రీడానియమములనుబట్టి యది ఘనవిజయము. తన్నిర్మాత దానిని విజయముగాఁ గాక, యట్టి నియమములమీఁద నధిక్షేపముగాఁ బ్రకటించెను. ఆ యధిక్షేపము మనకుఁ దెలియుటకు నతని మాటలు కావలసివచ్చినవి. క్రీడ తానై చెప్పలేకపోయినది. కరుణరసమున కాలంబనవిభావము ముఖ్యము. అది యొక వ్యక్తి కావలెను. 60 లక్షలు సంఖ్య. సంఖ్య యాలంబనము గాఁజాలదు.

కథకుఁడైన యంత్రము

ఈ లోపమును వలసనిర్మాణక్రీడలు తొలఁగించినవి. వానిలో విరివిగా నాడఁబడునది టైనన్ సిల్వెస్టర్ నిర్మించిన "రిమ్‌వరల్డ్". ఇది 2018లోఁ బూర్తిరూపమున వెలువడినది. సామాన్యముగా మువ్వురు మనుష్యులు పగిలిన యాకాశనౌకనుండి యొక యెఱుఁగని గ్రహముమీఁదఁ బడుటతో కథ మొదలగును. ఒక్కొక్కరికిఁ బేరు, బాల్యము, వృత్తి, స్వభావము, ఇష్టానిష్టములు గలవు. ఒకఁడు వంట యెఱిఁగియుండవచ్చును గాని కత్తి పట్టనని పట్టుపట్టును. ఒకఁడు వైద్యుఁడేగాని యిల్లు తగులఁబెట్టు పిచ్చి గలవాఁడు. ఆటగాఁడు వారిచేత గుడిసె కట్టించి, చేను దున్నించి, చలికాలమును దాఁటింపవలెను.

సాహిత్యపరులకుఁ బ్రత్యేకాసక్తి కలిగించునది యిందలి "కథకుల" యేర్పాటు. ఆట మొదలిడునపుడు ముగ్గురు కథకులలో నొకరి నెన్నుకొనవలెను. ట్రాయి రాజకుమార్తె పేరు గల కసాండ్రా యనునది కష్టములను గ్రమక్రమముగా హెచ్చించును. ఫీబీ యనునది యాపదకు నాపదకు నడుమ దీర్ఘవిశ్రాంతి నిచ్చును. రాండీ యనువాఁడు క్రమమును బాటింపఁడు. పెండ్లినాఁడు దాడి వచ్చిన రావచ్చును, దాడినాఁడు ధాన్యపుమూటలు వచ్చి పడిన పడవచ్చును. మన నాటకలక్షణకర్తలు ఆరంభము, యత్నము, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమము అని కార్యావస్థల నైదింటిని జెప్పిరి. కసాండ్రా పద్ధతి యత్నమును బ్రాప్త్యాశను మరలమరలఁ గల్పించుటలో నేర్పు గలది. కాని నియతాప్తి యెపుడు గలుగవలెనో దానికిఁ దెలియదు. రాండీ కవస్థలే లేవు.

అంతకంటె లోఁతైన దోషము వేఱొకటి కలదు. దాడికి వచ్చు శత్రుబలము వలసలోని జనమును, సంపదను లెక్కించి నిర్ణయింపఁబడును. ధనము పెరిగినకొలఁది దాడి పెరుగును. ఆటగాఁడీ సూత్రమును గ్రహించినపిమ్మట మంచివస్తువులు చేయించుట మానును, ఉన్నవానిని దగులఁబెట్టించును. అంతవఱకు విధివలెఁ దోఁచినది జమాఖర్చుగాఁ దేలును. కావ్యమున విధికిఁ గారణము చెప్పకపోయినను బాధ లేదు; ధర్మముతోనో యధర్మముతోనో దానికి సంబంధ మున్నట్లు లీలగాఁ దోఁచవలెను. ఇచట సంబంధము ధనముతో మాత్రమే. అయినను పేరుగల మనుష్యులను జూపుటచేత రిమ్‌వరల్డ్ సిమ్‌సిటీకంటె నొక మెట్టు మీఁదనున్నది. తన స్నేహితురాలిని బాతిపెట్టి వచ్చిన సేద్యగాఁడు మఱునాఁడు పొలము దున్నక కూర్చుండును. ఆటగాఁడా కారణమును జదివి తెలిసికొనును.

మరుగుజ్జుల కోట

ఈ జాతిలో నధికవిమర్శ కర్హమైనది టార్న్ ఆడమ్స్, జాక్ ఆడమ్స్ అను సోదరులు నిర్మించిన "డ్వార్ఫ్ ఫోర్ట్రెస్", అనఁగా మరుగుజ్జుల కోట. 2002లో నారంభింపఁబడి, 2006లోఁ దొలిసారి ప్రజల చేతికి వచ్చి, నేఁటికిని బెరుగుచున్న కృతి యిది. చిరకాల మిందు బొమ్మలే లేవు. అక్షరములు, విరామచిహ్నములు, గీఁతలు మాత్రమే తెరమీఁదఁ గాన్పించును. ఒక యక్షరము మరుగుజ్జు, మఱొక యక్షరము పిల్లి, చుక్క నేల. 2022 డిసెంబరులో వెలువడిన కూర్పునకుఁ జిత్రములు చేర్చిరి. న్యూయార్కునందలి నవీనకళాప్రదర్శనశాల 2012లోఁ దన సేకరణమునకై యెన్నుకొన్న 14 క్రీడలలో నిది యొకటి.

ఆట మొదలగుటకుముందే యంత్రమొక లోకమును సృజించును. కొండలు లేచును, నదులు పాఱును, జాతులు పుట్టును. వందలయేండ్ల చరిత్ర గడచును. రాజులు యుద్ధములు చేయుదురు, నగరములు నశించును, గ్రంథములు వ్రాయఁబడును. ఆ లోకమున నొకచోటికి నేడ్గురు మరుగుజ్జులు బండితో వత్తురు. వారిచేతఁ గొండను దొలిపించి కోట కట్టించుట యాటగాని పని. ఇతఁడు వారి కాజ్ఞ యిచ్చును. ఎవరెప్పుడు చేయవలెనో వారే నిర్ణయించుకొందురు. కోట నశించినను లోకము నశింపదు. తరువాతి యాటలో నా పాడుకోట శిథిలముగా నుండును. మఱొక పాత్ర వచ్చి యందలి గోడలమీఁది చెక్కడములను జూడవచ్చును. ఆ చెక్కడములలోఁ బూర్వకథలే యుండును. పురాణములందువలెఁ గథలో నుపకథ, దానిలో మఱొకటి యల్లుకొనుచుఁ బోవును.

ఈ కృతి నిర్మాణక్రమము మన శాస్త్రసంప్రదాయమునకుఁ జేరువ యైనది. జాక్ ఆడమ్స్ ముందుగాఁ గథలు వ్రాయును. అట్టి కథ యంత్రములోఁ దానై పుట్టవలెనన్నచో నేయే నియమములు కావలెనో సోదరు లిరువురును జర్చించి, టార్న్ వానిని యంత్రభాషలోఁ గూర్చును. లక్ష్యమును జూచి లక్షణము చేయుట యనఁగా నిదియే. సిమ్‌సిటీ సిద్ధాంతమునుండి పుట్టినది. మరుగుజ్జుల కోట కథనుండి పుట్టినది. రెండింటి రుచిలోని భేదమునకు నిదియే కారణము.

ఉదాహరణమునకు "వింత యావేశ"మను నేర్పాటును జూడుఁడు. సామాన్యుఁడైన యొక పనివాఁడు హఠాత్తుగాఁ జేయుపని విడిచి, యొక కార్యశాలను స్వాధీనము చేసికొని, తనకుఁ గావలసిన రాయి, ఎముక, పట్టు మొదలగువానికొఱకు వెదకును. అవి దొరకినచోఁ గొన్నిదినము లన్నము నిద్ర మఱచి పనిచేసి, లోకమున రెండవది లేని వస్తువును నిర్మించి, దానికిఁ బేరు పెట్టును. నాఁటినుండి యా విద్యలో నతఁడు మహాశిల్పి యగును. దొరకనిచోఁ బిచ్చివాఁడై నశించును. ప్రతిభ యెవరిని బట్టునో ముందు తెలియదు. పట్టినపిమ్మట సామగ్రి సమకూడనిచో నది మనుష్యుని మ్రింగును. శిల్పికి దారిద్ర్యము చేయు హానినిగూర్చి పెక్కు వ్యాసము లుండవచ్చును. కావలసిన రత్నము కోటలో లేక యొక పనివాఁడు గది తలుపు మూసికొని కూర్చుండుటను నిస్సహాయముగాఁ జూచుటవలనఁ గలుగు నెఱుక యిచటిది.

నియమములు పరస్పరము తాఁకి యెవ్వరు నుద్దేశింపని కథలను బుట్టించుటకు 2015 నాఁటి పిల్లుల వృత్తాంతము ప్రసిద్ధోదాహరణము. కోటలో నకారణముగాఁ బిల్లులు చచ్చుచుండెను. విచారింపఁగాఁ దెలిసినదేమనఁగా, క్రొత్తగాఁ జేర్చిన పానశాలలలో మరుగుజ్జులు నేలమీఁదఁ గల్లు చిందింతురు. పిల్లు లందు నడచును. పాదములకంటినదానిని నాకి శుభ్రపఱచుకొనును. లెక్కలోని పొరపాటుచేత నొక్క నాకుడు నిండుముంత త్రాగుటతో సమానమయ్యెను. పానశాల, పాదము, నాలుక వేర్వేఱుగాఁ జేర్పఁబడినవి. వాని కలయిక నెవ్వరును వ్రాయలేదు. హాస్యమే యైనను, దీనిలోఁ గారణపరంపర యున్నది గనుక రిమ్‌వరల్డ్ దాడులకంటె నిది యెక్కువ కథవలె నున్నది.

ఆ 2015 కూర్పుననే పండితులను మిక్కిలి యాకర్షింపఁదగిన విశేషము చేర్పఁబడినది. ప్రతిలోకమునను జాతులు తమతమ ఛందోరూపములను గల్పించుకొనును. ఈ పద్యమునకు నిన్ని పాదములు, పాదమునకు నిన్ని గణములు, నడక యిట్టిది, ఏ పాదమే పాదముతో నర్థసామ్యము వహింపవలెను, విషయమేది, స్తుతియా యధిక్షేపమా యని యంత్రము వివరముగాఁ జెప్పును. పిమ్మట ఫలానివాఁడు ఫలానియేఁడు ఆ ఛందమునఁ బద్యము రచించెనని, దానిపే రిదియని, శైలి యిట్టిదని చరిత్రలో నెక్కించును. కాని పద్యము మాత్రమెక్కడను లేదు. పానశాలలోఁ గవి చదువుచున్నాఁడని తెలియును. ఏమి చదివెనో తెలియదు.

అప్పకవి తన లక్షణమునకుఁ బూర్వకవుల లక్ష్యములను వెదకి చూపెను. లక్ష్యము లేని లక్షణమును మన పూర్వులు శాస్త్రముగా మన్నింపలేదు. ఈ లోకమున వేలకొలఁది ఛందములు, వేలకొలఁది కవులు, ఒక్క పద్యమును లేదు. ఇది నిర్మాతల యశక్తిగాఁ దోఁచవచ్చును. నిదానించి చూచినచో నొక నిజాయితీగాఁ దోఁచును. పద్యమును యంత్రముచేత నెట్లో చెప్పించి, దానినే కవిత్వమని చూపుటకు వారు పూనుకొనలేదు. కవి గలఁడు, ఛందస్సు గలదు, శ్రోతలు గలరు, శ్రోతల కంటినీరు గలదని చెప్పి, ఆ చోటు ఖాళీగా విడిచిరి.

కర్తృత్వవిచారము

ఇఁక మొదటి ప్రశ్న. ఈ కథలకుఁ గర్తృత్వమును గోరఁదగినవారు మువ్వురు. నిర్మాత నియమములు చేసినాఁడు. కాని పిల్లుల మరణము నతఁడు తలఁపలేదు. యంత్రము సంఘటనలను బుట్టించినది. కాని దానికి సంఘటనలన్నియు సమానమే, ఒక పీపా కదలుటకును నొక తల్లి మరణించుటకును దానికి భేదము లేదు. ఆటగాఁ డాజ్ఞలిచ్చినాఁడు, కాని వాని ఫలము నతఁడు కోరలేదు. కావున నాట జరుగునపుడు కర్త లేఁడు. ఉన్నవి సంఘటనలు మాత్రమే.

కర్త పుట్టుట చెప్పునపుడు. ఈ యాటగాండ్రు తమ కోటల చరిత్రను వ్రాసి యితరులకుఁ జెప్పుట తొలినాళ్లనుండియుఁ గలదు. వానిలోఁ బ్రసిద్ధమైనది "బోట్‌మర్డర్డ్" అను కోట కథ. పలువురాటగాండ్రొకరి పిమ్మట నొకరు తలకొక యేఁడు చొప్పున నా కోటను బాలించి, తమ పాలనాకాలపుఁ జరిత్రను వ్రాసి, లోకమును బై వాని కప్పగించిరి. ఏనుఁగుల దాడులు, శత్రువుల నార్పుటకు వదలిన కొండనిప్పు, పాలకుల మూర్ఖత్వము, చివరకుఁ గోటవారి యున్మాదము అందు వర్ణింపఁబడినవి. అసంఖ్యాకసంఘటనలలో నేవి చెప్పఁదగినవో యెన్నినవారు వారు. ఒకదానికి నొకటి కారణమని యన్వయించినవారు వారు. ఏఱుకొనుట, అన్వయించుట యను నీ రెండును గవికర్మలు. నిర్మాత లక్షణకారుఁడు, యంత్రము విధి, చెప్పిన యాటగాఁడే కవి.

రసవిచారము

ఇచటఁ బూర్వపక్షి యిట్లనవచ్చును: ఓటమియే వినోదమని యీ క్రీడకు నానుడి గలదు గదా, తన వారి చావును వినోదముగాఁ జూచువానికిఁ గరుణ మెక్కడిది? ఇది క్రౌర్యమును నేర్పునుగాని రసమును గాదు. కావ్యమున దుఃఖ మానందహేతువగుట సాధారణీకరణముచేత. చూచువానికి దుఃఖముతో స్వకీయసంబంధ ముండరాదు, ఇచ్చట నున్నది. తాను వేయించిన సొరంగము కూలి తాపీపనివాఁడు చచ్చినచో నాటగానికిఁ గలుగునది యనుతాపము; అది లౌకికభావము, రసము గాదు.

ఈ యాక్షేపము బలమైనది; దీనిలో సగమంగీకరింపక తప్పదు. ఆట జరుగుచున్నంతసేపు ఆటగానికిఁ గలుగునది రసము గాదు. భయము, ఆశ, అనుతాపము అన్నియు లౌకికములే. కాని రామాయణోత్పత్తికథను స్మరింపవలెను. అచట బాణము వేసినవాఁడు నిషాదుఁడు. చూచి శోకించినవాఁడు వాల్మీకి. శోకము శ్లోకమగుటకు వేసినవాఁడు వేఱు, చూచినవాఁడు వేఱు కావలసియుండెను. దైవక్రీడలో నీ యిరువురు నొక్కఁడే. ఆజ్ఞ యిచ్చిన చేయి, పడిన పక్షిని జూచిన కన్ను ఒకే మనుష్యునివి. ఈ కళకుఁ బ్రత్యేకమైన కష్టమును, ప్రత్యేకమైన యవకాశమును నిదియే.

పాపులస్‌లో నాటగాఁడు నిషాదుఁడుగానే మిగులును. పక్షికిఁ బేరు లేదు, జంట లేదు. సిమ్‌సిటీలోఁ బక్షులు లెక్కకు వచ్చును గాని కంటికి రావు. రిమ్‌వరల్డ్‌లో జంట గలదు, ఏడ్పు గలదు. కాని బాణము ధనపులెక్కనుబట్టి వచ్చుటచేత శోకము చల్లారును. మరుగుజ్జుల కోటలోఁ జచ్చినవానికిఁ దల్లిదండ్రులు, మిత్రులు, ఇష్టమైన రాయి, మొక్కిన దేవుఁడు, చేసిన వస్తువు గలవు. వాని శోకముచేత మిత్రుఁడు పని మానును, కోపముచేత నొకఁడు తలుపు విఱుగఁగొట్టును, ఒక శిల్పి వాని మరణమును గోడమీఁదఁ జెక్కును. ఆటగాఁడు తన యాజ్ఞ ఫలమును గోడమీఁదఁ జదువవలసివచ్చును. చదివి, యాట నాపి, దానిని వేఱొకరికిఁ జెప్పఁబూనినపుడు స్వకీయసంబంధము సడలును. అనుతాపము కరుణమునకు దారి యిచ్చును. అందఱు నాటగాండ్రును జెప్పరు. చెప్పినవారందఱును గవులు గారు. దారి యున్నదనుటయే యిచటి సిద్ధాంతము.

కావున నీ క్రీడల తారతమ్యమును నిర్ణయించుటకు లోకము వైశాల్యమును గాని, చిత్రముల సొగసును గాని కొలఁతగాఁ గొనరాదు. అల్పజీవికి నెంత జ్ఞాపకశక్తి నిచ్చిరి, వాని శోకమాటగాని కంటఁ బడుటకు నెంత చోటు విడిచిరి యని చూడవలెను. లెమ్ కథలోని మిత్రుఁ డడిగిన ప్రశ్నకు శాస్త్రజ్ఞుల సమాధానమెట్లున్నను, కావ్యవిమర్శకునకుఁ గావలసినంత సమాధాన మిందున్నది.

పరిశోధకులకు సంబంధించిన విషయమొకటి మిగిలియున్నది. మరుగుజ్జుల కోటకు 2006 మొదలు పెక్కు కూర్పులు వచ్చినవి. శోక మొకరినుండి యొకరికి వ్యాపించి కోటనంతను బాడుచేయు పద్ధతి పూర్వపుఁ గూర్పులలోఁ దీవ్రముగా నుండి, తరువాత మాఱినది. పిల్లుల మరణకారణము సవరింపఁబడినది. కాఁబట్టి యొక కోట చరిత్రను వ్యాఖ్యానించువాఁ డది యే కూర్పులోనిదో చెప్పనిచో వ్యాఖ్యానము నిలువదు. తాళపత్రప్రతులయందలి పాఠభేదములతో నలవాటు గల పండితుల కీ పని క్రొత్తది గాదు. చరిత్రలను వ్రాసినవారి మాటలను, ఆ యా కూర్పులను గూడ నొక్కచో నిలువచేయుట యిప్పుడే జరుగవలెను. మాతృక నశించినపిమ్మటఁ బాఠమును సంస్కరించుట యెంత కష్టమో తెనుఁగు పరిష్కర్తలకుఁ జెప్పనక్కఱలేదు.